కన్ఫ్యూషియసు పదములు - ఆంధ్రానువాదము

కన్ఫ్యూషియసు తత్త్వవిచారము నేడు చీనాదేశమునకే పరిమితము కాదు. 2018లో బీజింగున జరిగిన 24వ ప్రపంచ తత్త్వశాస్త్ర మహాసభ ‘మనుష్యుడగుట నేర్చుట’ యనుదానినే ప్రధాన విషయముగా గైకొనెను. దీనికి మిక్కిలి సన్నిహితమైనది కన్ఫ్యూషియసు వాడిన ‘రెన్’ పదము. ఆంగ్లమునుండి గ్రహించి దీనిని ‘దయ’ యనుట యవ్యాప్తి. చీనాలిపిలో నిది ‘మనుష్యుడు’, ‘రెండు’ అను చిహ్నముల కూడిక. దీని యర్థమడిగిన శిష్యులకు గురువు వేర్వేఱు సమాధానము లిచ్చినట్లు లూన్‌యూ గ్రంథము తెలుపుచున్నది. ‘లీ’ యనుదానిని ‘ధర్మ’ మనుట యతివ్యాప్తి. అది పితృకర్మాదులను, సభామర్యాదను, ఆచారమును మాత్రమే కలుపుకొని చెప్పును. నామములు సరికానిచో రాజ్యకార్యములు చెడునని బోధించినవాని గ్రంథమునకే నామదోషము కల్పించుట తగునా?

ఏడవ శతాబ్దమున మన ధాన్యకటకమున నిలిచి యభిధర్మమును జదివిన హ్యూయన్‌త్సాంగు, బహ్వర్థకములగు సంస్కృతపదములను అనువదింపక ధ్వనిమాత్రముగా నుంచవలెనని నియమించెనని చీనా సంప్రదాయము. ‘ప్రజ్ఞ’, ‘నిర్వాణ’ పదములు చీనాభాషలో నట్లే నిలిచినవి. పాఠకునకు క్లేశమగునందురేని, తొలి ప్రయోగమున వివరణము చేర్చిన జాలును. చీనావారు మన పదములయెడ జూపిన యాదరమును మనము వారి పదములయెడ జూపుట ఋణవిమోచనము.