మస్నవీలోని సింహము, కుందేలు

బావినీటిలోని తన నీడను మరియొక సింహమని భ్రమించి దుమికి చచ్చిన మృగరాజు కథ నెరుగని తెలుగువారరుదు. పంచతంత్రమున ఆ కథకు ఫలము బుద్ధిబలము దేహబలమును గెలుచుననుటయే. అదే కథ 6వ శతాబ్దిలో అనూషిర్వాన్ చక్రవర్తి కాలమున పహ్లవీభాషకును, 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా లేఖినివలన అరబ్బీకిని, 12వ శతాబ్దిలో పారసీక గద్యమునకును నడచి, తుదకు జలాలుద్దీన్ రూమీ (1207-1273) చేత చిక్కినది. మస్నవీ ప్రథమభాగమున దీనిని చెప్పుచు, ఇది కలీలా గ్రంథములోనిదని ఆయనయే తెలిపినాడు.

మన కథలో మృగములు దినమున కొక జంతువును పంపుటకు ఒడంబడుట నాలుగు మాటలలో ముగియును. రూమీ అచ్చటనే నిలిచిపోవును. వేట మాని దైవమును నమ్మియుండుమని మృగములనును. నమ్మవలసినదే కాని ముందుగా ఒంటె కాలికి త్రాడు కట్టవలెనని సింహము ప్రవక్త బోధను జ్ఞప్తికి దెచ్చును. మృత్యుదూత చూపునకు జడిసి, సులేమాను ప్రవక్తను వేడి, గాలినెక్కి హిందూస్థానమునకు పారిపోయి, అచ్చటనే ప్రాణములు విడిచినవాని కథను మృగములు ఎదురుచెప్పును. ఈ వాదము మిక్కిలి దీర్ఘము. కథకై తొందరపడువారికి విసుగు పుట్టినను పుట్టవచ్చును. అయినను, భక్తికవిత్వము సోమరితనమును నేర్పునని తలంచువారు దీనిని తప్పక చదువవలెను. పురుషప్రయత్నమును సమర్థించు సింహమే వాదమున గెలుచును.

గెలిచిన సింహమే బావిలో పడును! దైవమే దిక్కన్న మృగములు కుందేలి ప్రయత్నమువలన బ్రదుకును. సింహమనగా అహంకారము, కుందేలనగా వివేకము అని పట్టిక వ్రాసి చేతులు దులుపుకొను వ్యాఖ్యానములు నాకు రుచింపకుండుటకు కారణ మిదియే. అన్యాపదేశమనగానే పట్టిక వ్రాయుట మన పాఠశాలలలోను ఉన్న జాడ్యమే.

ఇక బావియొద్ది ఘట్టము. కుందేలు భయము నటింపగా సింహము దానిని అక్కున జేర్చుకొని నీటిలోనికి తొంగిచూచును. అచ్చటను ఒక సింహము, దాని కౌగిట నొక కుందేలు. ఇక్కడ కవి కథ నాపి పాఠకునివైపు తిరిగి, పరులయందు నీవు చూచు క్రౌర్యములో నీ నీడ యెంత యని యడుగును. పంచతంత్రమున నీడ కుందేలు పన్నిన యుక్తి మాత్రమే. ఇచ్చట అది సింహముయొక్క స్వభావము. పిల్లలకు చెప్పువారు సింహము చావుతో కథ ముగింతురు. రూమీ ముగింపలేదు. మృగములు కుందేలిచుట్టు చేరి యాడుచుండగా, అది వానిని వారించును. కవి యంతట చంపవలసిన సింహము మరియొకటి లోపల మిగిలియున్నదని చెప్పి, దానికి ఏ కుందేలి యుక్తియు చాలదనును.