అంతరిక్ష ఓడకు వడపళని దారి

కుర్రకారు చదివే అంతరిక్ష రహస్య నవల తెలుగులో రావాలని ఎవరన్నా అంటే, వాళ్ల చేతిలో నేను ముందు పెట్టేది ఇంగ్లీషు పుస్తకం కాదు, ‘తోకచుక్క’. 1954లో చందమామలో మొదలైన సీరియల్ అది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలు వేసింది చిత్ర. మద్రాసు వడపళనిలో, విజయా వాహినీ స్టూడియోల పక్కన కూర్చుని వీళ్లిద్దరూ చేసిన పనికి సాటి రాగలది మన భాషలో నాకు ఇంకా కనబడలేదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో చందమామ పెట్టారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వానికి వచ్చారు, దాసరి చేరిందీ ఆ రోజుల్లోనే. 1954 నుంచి 1978 దాకా పన్నెండు సీరియళ్లు రాస్తే ఒక్కదానికీ ఆయన పేరు అచ్చు కాలేదు. లక్షలమంది పిల్లలు నెలనెలా ఎదురుచూసిన రచయిత ఎవరో ఆ పిల్లలకే తెలియదు!

ఇక పనితనం. ఆ పన్నెండింటిలో ఈ పేర్లు ఒకసారి చూడండి. కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఏడు పేర్లు చోట్లవే. దాసరి కథలో రహస్యం మనిషి జేబులో ఉండదు, ఆ చోటులోనే ఉంటుంది. లోపలికి అడుగుపెట్టిన కుర్రాళ్లు దాని గుట్టు ఒక్కొక్క గోడా తడుముతూ తెలుసుకోవాలి. ‘రాతిరథం’ అయితే అటు చోటు, ఇటు బండి.

అంతరిక్షంలో తరాల పాటు సాగే ఓడ కథకు సరిగ్గా కావలసింది ఇదే. సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు దాదాపు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 వేగంతో బయల్దేరితే అంత దూరం పోవడానికి డెబ్బై వేల ఏళ్లకు పైనే పడుతుంది. అందుకని ఓడలోనే పుట్టి, ఓడలోనే పోయే తరాలను రచయితలు ఊహించారు. 1941లో హైన్‌లైన్ రాసిన కథలో ఆ జనం తామున్నది ఓడ అన్న సంగతే మరిచిపోతారు. అద్భుతమైన ఊహ, కాదనను. కానీ మూసుకున్న చోటునే పెద్ద ప్రశ్నగా నిలబెట్టే విద్య మన పాతాళదుర్గంలోనూ ఉంది.

రెండో విద్య జంట నాయకులు. ఖడ్గవర్మ, జీవదత్తుడు. జయశీలుడు, సిద్ధసాధకుడు. శిఖిముఖి, విక్రమకేసరి. ఇద్దరుంటే ఒకడి అనుమానానికి రెండోవాడు జవాబు చెప్పాలి. వివరణంతా సంభాషణలోనే తేలిపోతుంది, రచయిత మధ్యలో దూరి పాఠం చెప్పక్కర్లేదు. మూడోది, శత్రువుకు శత్రువును పెట్టడం. తోకచుక్కలో ఏకాక్షికి చతుర్నేత్రుడితో వైరం. గుడ్లగూబనూ నరవానరాన్నీ వెంటేసుకున్న ఆ చతుర్నేత్రుణ్ణి నమ్మాలా వద్దా అని సమరసేనుడితో పాటు మనమూ తేల్చుకోలేం. మంచివాడెవడో మొదటి పేజీలోనే తెలిసిపోయే కథల్లో ఈ రుచి ఎక్కడిది?

నెలనెలా ఆపే చోటు మరీ గొప్పది. ప్రాణాపాయం దగ్గర ఆపడం ఎవరికైనా చేతనవుతుంది. దాసరి ఒక చిక్కు విడదీస్తూ, ఆ విడదీయడంలోంచే ఇంకో చిక్కు పుట్టించి ఆపుతాడు. మరుసటి నెల మొదట్లో నాలుగు వాక్యాల ‘జరిగిన కథ’. ఆ నాలుగు వాక్యాల పొదుపు కోసమైనా ఆయన్ను చదవాలి. వాక్యాల నిండా క్రియలే, విశేషణాల బరువు ఉండదు.

చిత్ర బొమ్మల గురించి నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలకు దండం పెడతాను, శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి తలుచుకోనివాడు ఎవడు? అయినా సీరియల్ అంటే చిత్రే. లోయ ఎంత లోతో, కోట ఎంత ఎత్తో ఆయన గీతలో కొలతతో సహా తెలుస్తుంది. లేని లోకాన్ని ఉన్నట్టు చూపే నేర్పది. అంతరిక్ష ఓడ లోపలి నడవాలకూ ఆ నేర్పే కావాలి.

ఇప్పుడేం జరుగుతోంది? ఇంగ్లీషు నవలలో పేర్లు మార్చి, జాన్‌ను అర్జున్ చేసి, ఎవరో గీసిన బొమ్మ అట్ట మీద అతికించి ‘తెలుగు సైన్స్ ఫిక్షన్’ అంటున్నారు. ప్రతి పుటలో ఒక పేలుడు, పది పుటలకు ఒక ఉపన్యాసం. పిల్లలు చదవడం లేదని మళ్లీ పిల్లల మీదే నింద! సింగీతం శ్రీనివాసరావు 1991లోనే ‘ఆదిత్య 369’ సినిమాలో వజ్రం దొంగతనాన్ని, దాన్ని కళ్లారా చూసిన పిల్లవాణ్ణి, కాలయంత్రాన్ని ఒక్క కథలో ఇమిడ్చి చూపించారు. ఆ దారిలో రెండో అడుగు వేయడానికి మనకు ఏమడ్డం వచ్చింది?

చందమామ ఆగిపోయింది. వాహినీ స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది. దాసరి 2010లో వెళ్లిపోయారు. కానీ చెన్నైకి ఉత్తరాన శ్రీహరికోట నుంచి రాకెట్లు ఎగురుతూనే ఉన్నాయి. 2024 మే 30న చెన్నై కుర్రాళ్ల సంస్థ అగ్నికుల్ త్రీడీ ప్రింటింగుతో చేసిన ఇంజనుతో అక్కడి నుంచే తన రాకెట్‌ను ఎగరేసింది. వస్తువు ఇంటి ముంగిట్లోనే ఉంది.

రాయాలనుకునే కుర్రవాళ్లకు ఒక్క మాట. చందమామ పాత సంచికలు సంపాదించి ‘రాకాసిలోయ’ మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా చదవండి. ప్రతి భాగం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో పక్కన రాసుకోండి. మీ అంతరిక్ష ఓడ మొదలుపెట్టేది ఆ తరువాతే.