నిలబెట్టే చేతులు

మైలవరం చుట్టుపక్కల పల్లెల్లో మోకాలి కీలు మార్పిడి అంటే చాలామందికి బెజవాడ ప్రయాణమే. సర్జన్ పేరు ఊరంతా చెప్పుకుంటుంది. నేను మాత్రం ఫిజియోథెరపిస్టుకు దణ్ణం పెడతాను.

నడుముకు ఇచ్చిన మత్తు వదులుతుంటే నొప్పి మొదలవుతుంది. అప్పుడే ఆయన వస్తాడు. "పాదం పైకీ కిందికీ ఆడించమ్మా" అంటాడు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టకుండా చూసే పని అది. చాలామందిని అదే రోజో మర్నాడో వాకర్ పట్టించి నిలబెడతాడు. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆపైన మంచి కాలు. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే తీసేస్తాడు. అదే అలవాటైతే కాలు పూర్తిగా చాపడం రాదు. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో రోగి ముఖం చూసి పసిగట్టడమే ఆయన విద్య. ఏడ్చేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళూ ఉంటారు. ఆయన గొంతు పెంచగా నేను చూడలేదు.

కుట్లు సాధారణంగా రెండు వారాలకు తీస్తారు. వ్యాయామం నెలల తరబడి సాగాలి, మధ్యలో మానెయ్యకండి. పిక్క వాచి నొప్పిపెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం తగిలినా, గాయం నుంచి చీము కారినా ఎంత పనున్నా పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.