వన్నెకన్న కట్టు మిన్న

జాతికోళ్ళను పెంచు ప్రతివానిని మొదట ఆకర్షించునది వన్నెయే. ప్రాతఃకాలమున గంప యెత్తగానే వెలుపలికి వచ్చి, రెక్కలు దులిపి, యెండలో నిలువబడిన డేగపుంజు మెడపై మెఱయు నిగ్గును చూచి ముగ్ధుడు కానివా డరుదు. ఆ ముగ్ధతను నేను నిందింపను. ఆ యాకర్షణయే లేకున్న నీ వ్యాసంగమునకు పూనుకొనువారే యుండరు. అయినను, చిరకాలము ఈ పక్షుల నడుమ మెలగి, వాని తరములు కన్నుల యెదుట మాఱుచుండగా చూచిన పిమ్మట నాకు దృఢపడిన యభిప్రాయ మొకటి కలదు: జాతిని నిలుపదలచినవాడు తొలుత కట్టును, పిదప నడకను, ఆ పిమ్మట తల్లిని పరీక్షించి, అన్నిటికిని తుదిని వన్నెను చూడవలయును. ఈ క్రమము తలక్రిందైన యింట మూడు నాలుగు తరములలో వన్నె మాత్రము మిగిలి కోడి పోవును.

మన గోదావరి, కృష్ణా మండలములలో వన్నెలకు గల పేళ్ళు వినువారికి విస్మయము గొలుపును. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎఱ్ఱనిది డేగ. రెక్కలమీదనో వీపుమీదనో పసుపువన్నె యీకలు గలది నెమలి. ఎఱుపును బూడిదవన్నెయు కలిసినది మైల. మెడపై నలుపు తెలుపులు సమముగా నున్నది పర్ల. నలుపు, ఎఱుపు, పసుపు మూడును గలది కౌజు. ఒక్కొక్క యీకయందే పలువన్నెలు కూడినది పూల. ఇవి మఱల జంటలై కాకిడేగ, కాకినెమలి యని శాఖోపశాఖలుగా విస్తరించును. కుక్కుటశాస్త్రమను పేర వ్యాపించిన పుస్తకములు వారమును వన్నెను జోడించి జయాపజయములు చెప్పును. ఆ జోస్యముతో నాకు పని లేదు. కాని రెండు ఎఱుపుల నడుమ భేదమును గుర్తించి, దానికొక పేరు పెట్టి, ఆ పేరును తరతరములుగా నిలుపుకొన్న పల్లెవాని చూపు గొప్పది. అసీల్ అను పేరుగల మన యీ జాతికోళ్ళను వర్ణించు గ్రంథములలో సాధారణముగా కానవచ్చునవి పీలా, యాకూబ్, నూరీ, కాగర్ వంటి ఉత్తరాది పేళ్ళు. మన వారి యీ సూక్ష్మవిభాగమును ఆ పట్టికల సరసన నిలుపవలసి యున్నది.

కోడిని లక్షణమును బట్టి యెంచుట మన దేశమున నేటి మాట కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో కుక్కుటలక్షణమునకు ప్రత్యేకముగా నొక యధ్యాయమునే కేటాయించెను. అందు ఈకలును వ్రేళ్ళును తిన్నగా నుండుటను మొదట పేర్కొని, ముఖమును గోళ్ళును జుట్టును తామ్రవర్ణమున నుండవలెనని చెప్పి, తెల్లని మేనివన్నెను ఆ తరువాతనే చేర్చెను. దండి దశకుమారచరితమున, ప్రమతి వృత్తాంతములో, నారికేళజాతి కోడికిని బలాకజాతి కోడికిని జోడు కుదిర్చినవారి తెలివితక్కువను చూచి ప్రమతి నవ్వుకొనును. జాతి తెలిసినవానికి బలాబలములు తెలియునని ఆనాటి వచనకర్తయు నెఱుగును. పల్నాటి చరిత్రలో కోడి వహించిన పాత్ర తెలుగువారికి చెప్పవలసినది కాదు.

కట్టు అనగా నేమి? మంచి అసీల్ కోడి ముఖము సన్నగా, పొడవుగా, ఈకలు లేక యుండును. జుట్టు నిలువుగా రేకులు దేఱక, బఠాణీలను మూడు వరుసలుగా నదిమినట్లు చిన్నదై నెత్తి నంటియుండును. దవడ క్రింద వ్రేలాడు ఎఱ్ఱతోలు ఇంచుమించుగా నుండదు. మెడ పొడవై, మొదలునుండి తుదివఱకు నొకే లావున సాగును. కాళ్ళు దృఢమై, తిన్ననై, ఎడముగా నుండును. ఈకలు కుఱుచలై, గట్టివై, మేని కంటుకొని, అడుగున నూగు లేక యుండును. ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడు నాలుగు కిలోలు తూగును.

ఇవి కంటికి తెలియునవి; చేతికి తెలియునవి వేఱు. ఎడమ యరచేతిని బోర క్రింద నుంచి, కాళ్ళను వ్రేళ్ళ సందున నిమిడ్చి, కుడి బొటనవ్రేలితో బోరయెముకను మొదలునుండి తుదివఱకు మెల్లగా తడవినచో, అది తిన్నగా పోయినదో, నడుమ వంకరపడినదో తేటపడును. రెక్కను విప్పి వదలగానే అది తడవు చేయక మేనికి బిగిసికొనవలెను. జాఱిన రెక్క బలహీనతకు గుఱుతు. మంచి పెట్ట చూపునకు తోచిన దానికంటె చేతికి బరువుగా తగులును. వన్నె చూచి మనసు పడిన కోడిని చేత బట్టిన తరువాత క్రింద విడిచిన సందర్భములు నా యనుభవమున తఱచు కలవు; చేత బట్టి మెచ్చిన దానిని వన్నె కొఱకు విడిచిన సందర్భము మాత్రము లేదు.

మా మాతామహులు ఎవరైన పుంజును తెచ్చి చూపినప్పుడు దానిని రెండు మాఱులు తేఱిపాఱ జూచి, "పుంజు బాగానే ఉందిరా అబ్బాయ్, దీని తల్లి ఎక్కడుందో ముందది చెప్పు" అనువారు. తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను తెచ్చుకొనవలెనను సామెత వారికి కోళ్ళ దొడ్డియందు శాసనము. పేరుపడిన యిండ్లలో పుంజును అమ్ముదురు గాని పెట్టను గడప దాటనీయరు. పిల్ల యెముకలో సగపాలు తల్లిదే యైనను, సంతలో పొగడ్త యంతయు పుంజునకే దక్కుచుండుటచే పెట్టను పరీక్షించువారు తక్కువ. వన్నె విషయమున నింకొక సూక్ష్మము కలదు. పుంజునకు జెడ్ క్రోమోజోములు రెండు, పెట్టకు ఒకటే; కావున వెండివన్నె బంగారువన్నెల భేదమును నిర్ణయించు జన్యువును పెట్టపిల్ల తండ్రినుండియే గ్రహించును; తల్లి దానిని పుంజుపిల్లలకు మాత్రమే యీయగలదు. పెట్టనుండి ఆ జన్యువు ఎవరికి సంక్రమించినదో తెలియగోరువాడు దాని కొడుకులను చూడవలయును.

వన్నె యెంత నిలుకడ లేనిదో డార్విను 1868లో ప్రకటించిన గ్రంథమున చక్కగా నిరూపించెను. నల్లని స్పానిష్ పుంజును తెల్లని సిల్కీ పెట్టతో జత చేయగా, తల్లిదండ్రు లిరువురియందును లేని ఎఱ్ఱని వన్నెతో, అడవికోడిని తలపించు పుంజు పుట్టెను. కలయిక జరిగినచోట పూర్వజుని వన్నె తల యెత్తును. జుట్టును గూర్చియు నిట్టి హెచ్చరికయే కలదు. బఠాణీజుట్టు నిలువుజుట్టును అణచి పైకి తేలునని ఇరువదవ శతాబ్ది యారంభమున జన్యుశాస్త్రవేత్త బేట్సన్ కోళ్ళపై జరిపిన ప్రయోగములలో తేలెను. దానికి కారణమైన మార్పు సాక్స్5 అను జన్యువునందు కలదని 2009లో కనుగొనిరి. దీని ఫలిత మేమన, బఠాణీజుట్టు కనబడినంత మాత్రమున కోడి స్వచ్ఛమైనదని చెప్పరాదు. నాటుకోడి రక్తము లోపల దాగియుండవచ్చును. అట్టి రెండింటిని జత చేసినపుడు పిల్లలలో ఏ యొకటియో నిలువుజుట్టుతో పుట్టినచో, దోషము తల్లిదండ్రు లిరువురియందును కలదని గ్రహింపవలెను.

కాబట్టి ఎంపిక యొక్కనాటి తీర్పు కాదు. పెట్ట యిరువదియొక్క దినములు పొదిగి పిల్లలను దింపగానే వంకరవ్రేళ్ళ పిల్లలను, లేవలేని పిల్లలను వేఱుపఱుపవలెను. మూడవ నెల దాటిన పిదప కాళ్ళను, బోరయెముకను, నడకను చూడవలెను. పిల్లనూగు రాలి, తొలియీకలు పోయి, పెద్దయీకలు నిండినగాని వన్నెపై తీర్పు చెప్పరాదు; అంతకుముందు డేగ యనుకొన్నది నెమలిగా తేలుట పరిపాటి. ఎంపికలో పోయిన కోడిని కోసికొని తినుటయందు తప్పు లేదు. మొగమోటమి చేత దానినే మరల జతకు విడుచుట తప్పు. అన్నచెల్లెండ్రను తరతరములుగా జత చేయుచు పోయినచో గుడ్లు పిల్లలగుట తగ్గి, పిల్లలు బలహీనపడును. దీనికి సులభోపాయము మందను మూడు గుంపులుగా నుంచి, పెట్టపిల్లలను తల్లి గుంపునందే నిలిపి, పుంజుపిల్లలను ఏటేట ప్రక్క గుంపునకు పంపుట. కాలికి రంగుకడియము, దానికి సరిపోవు నొక పద్దుపుస్తకము. ఈ రెంటికి మించిన పరికరము నే నెఱుగను.

ఇంత శ్రమ దేనికని యడుగువారు కలరు. ఆంగ్లదేశమున కార్నిష్ జాతిని రూపొందించినపుడు మన అసీల్ రక్తమునే వాడిరి. నేటి బ్రాయిలరు కోడి వెడల్పైన బోర ఆ కార్నిష్ పెట్టిన భిక్ష. ఇజ్జత్‌నగరమందలి కేంద్ర పరిశోధన సంస్థ అసీల్ కలయికతోనే కారి నిర్భీక్ అను పెరటికోడిని సిద్ధపఱచెను. మన రాజేంద్రనగరమందలి కోళ్ళ పరిశోధన సంస్థ యిచ్చిన వనరాజ, గ్రామప్రియలు పేద యింటికి గుడ్డును మాంసమును చేకూర్చినవి. వానిని నేను గౌరవింతును. కాని యొకే దొడ్డిలో అవియు అసీలును విచ్చలవిడిగా తిరిగినచో నాలుగేండ్లలో అసీలు కానరాదు. మూలము నశించిన పిదప క్రొత్త కలయికలకు ఆధార మెక్కడిది?

పందెపుబరిని గూర్చి యొక మాట స్పష్టముగా చెప్పవలయును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిషేధ చట్టమును కోడిపందెములను నిషేధించినవి. ఆ నిషేధము న్యాయమైనది. కత్తి కట్టిన క్షణమున తరముల శ్రమ నిముసములో నేలపాలగును. సంక్రాంతి ధరకై పెంచువాడు పుంజునే చూచును, పెట్టను మఱచును. తమిళనాట చిలుకముక్కు కోళ్ళకు కట్టును తోకను బట్టి ప్రదర్శనలు జరుపుచున్నారు. ఆ మార్గము మనకును సాధ్యమే.

ఈ పక్షిని ప్రేమించు పాఠకులకు నా విన్నప మిది. మీ యింట ఒక్క వన్నెనే యెన్నుకొనుడు. కాకి యైన కాకి, మైల యైన మైల. తల్లుల పద్దు వ్రాయుడు, మీ యూరి పేళ్ళతోనే వ్రాయుడు. పొరుగువాడు అడిగినపుడు పుంజును ధరకు అమ్మినను, అతడు శ్రద్ధ గలవాడని తోచినచో ఒక పెట్టపిల్లను ఉచితముగా నీయుడు. ఒక్క దొడ్డిని నమ్ముకొన్న జాతి కొక్కెరతెగులు వచ్చిన రోజున తుడిచిపెట్టుకొని పోవును, పది దొడ్లలో నున్న జాతి నిలుచును.