మామిడి కొత్త నేర్పిన పాఠానికి మార్కులేవి?

ఒక ఆశ్రమ పాఠశాలలో వనమహోత్సవం రోజున పోస్టర్ల పోటీ పెట్టారు. మాలో కొందరం వెళ్లాం. మొదటి బహుమతి వచ్చిన బొమ్మలో ఒక మనిషి గొడ్డలితో చెట్టు నరుకుతున్నాడు. తలకు గుడ్డ, మోకాళ్ల పైకి కట్టిన పంచె. కింద 'అడవిని కాపాడండి' అని రాసి ఉంది. గీసింది తొమ్మిదో తరగతి చదివే మన పిల్లే. వాళ్ల నాన్న పోడు రైతు. "ఆ మనిషి ఎవరమ్మా?" అని అడిగితే తల దించుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం చేతులు రాలేదు.

పర్యావరణ విద్యను మేము వద్దనడం లేదు. దాన్ని తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2001-02లో జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు మొదలయ్యాయి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర ఇంటర్న్‌షిప్ చేయాలంది. అలాంటి అవకాశాలు 12వ తరగతి దాకా, సెలవుల్లో కూడా ఉండవచ్చంది. కాగితం మీద ఇవన్నీ మంచివే. మా ప్రశ్న ఒక్కటే: ఈ చదువులో గురువు ఎవరు, నేరస్తుడు ఎవరు?

నగరాల్లో హైస్కూలు పిల్లలకు ఇప్పుడు 'సస్టైనబిలిటీ ఇంటర్న్‌షిప్'లు దొరుకుతున్నాయి. కొన్నిటికి ఫీజు కట్టాలి. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు, అది పెద్ద కాలేజీల దరఖాస్తుకు పనికొస్తుంది. చెత్త వేరు చేయడం, నీటిని కొలవడం నేర్చుకునే పిల్లల్ని మేము వెక్కిరించం. కానీ అదే నమూనాను తెచ్చి మన గూడెం పిల్లల మీద పెడితే, వాళ్లకు తెలిసింది లెక్కలోకి రాదు. వాళ్లకు లేనిది మాత్రమే లెక్కలోకి వస్తుంది.

మామిడి కొత్త పండుగనే చూడండి. దేవతకు పెట్టేదాకా కొత్త కాయ నోట పెట్టకూడదు. ఆ కట్టుబాటు వల్ల కాయ ముదురుతుంది, ఎవరూ ముందుగా పోయి పచ్చికాయ రాల్చరు, అందరికీ వాటా అందుతుంది. పాఠ్యపుస్తకం దీన్నే 'వనరుల సుస్థిర వినియోగం' అంటుంది. పుస్తకంలో మాటకు మార్కులున్నాయి, పండుగకు లేవు. పోడు గురించి చర్చ జరగాల్సిందే. నేలను బీడు వదిలే ఏళ్లు తగ్గిపోయాయని మన పెద్దలే అంటున్నారు. మరి పోలవరం నీళ్ల కింద మునిగే అడవి ఏ పోస్టర్‌లోనైనా ఉందా?

మన తప్పులూ చెప్పుకోవాలి. తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి బంక తీస్తే చెట్టే చచ్చిపోతుంది. చిన్న గాటుతో తీయడం మనలో చాలామంది ఆలస్యంగా నేర్చుకున్నారు. సంత నుంచి వచ్చే ప్లాస్టిక్ కవర్లు గెడ్డల్లో కొట్టుకుపోతున్నాయి. అడ్డాకు విస్తరి కుట్టే చేతులు తగ్గాయి. హాస్టల్లో పెరిగిన మన యువకులు పది చెట్లకు తల్లిభాషలో పేర్లు చెప్పలేకపోతున్నారు. ఇది గొప్పలు చెప్పుకుంటే తీరే లోటు కాదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు మా సూచన. మన పిల్లల ఇంటర్న్‌షిప్ ఊళ్లోనే పెట్టండి. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణుల్ని, నీటివనరుల్ని కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఇచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు ఒకదాని తర్వాత ఒకటి బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. దేశంలో పర్యావరణ నాయకత్వానికి ఇంతకన్నా పెద్ద పాఠం ఏముంది? గ్రామసభలో ఓటు పెద్దలదే. కానీ కొలవడానికి, రాయడానికి హైస్కూలు వయసు చాలు. ఊటల్లో నీళ్లు ఏ నెలదాకా ఉంటాయో పిల్లలు రాయాలి. సామూహిక అటవీ హద్దుల పటం గీయాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం తయారు కావలసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌కు అవ్వలతో కూర్చుని వివరాలు సేకరించాలి.

దీనికి మూడు షరతులు. ఒకటి, నేర్పిన అవ్వకు, తాతకు గురువుకిచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. రెండు, మందు మొక్కలు ఎక్కడ దొరుకుతాయో ఆ చోటు గ్రామసభ అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లల నోట్‌బుక్ వ్యాపారికి దారి చూపే పటం కాకూడదు. మూడు, పిల్లలు రాసింది ముందు గ్రామసభలో చదవాలి, తర్వాతే పై ఆఫీసుకు పంపాలి.

ఇవి జరిగితే సర్టిఫికెట్ కూడా ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు. మన పిల్లలకూ కాలేజీలున్నాయి, దరఖాస్తులున్నాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. వచ్చే వనమహోత్సవానికి మళ్లీ పోస్టర్ గీయమంటారు. ఈసారి పోటీకి ముందు ఎవరైనా టీచరు ఆమెను వాళ్ల నాన్న పోడుకు తీసుకెళ్లి, అక్కడ ఆయన నరక్కుండా వదిలిన ఇప్పచెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించాలని మేము కోరుకుంటున్నాం. తర్వాత ఆమె ఏ బొమ్మ గీసినా సరే, తల దించుకోవాల్సిన పని ఉండదు.