“మట్టిలో కలియును” – ఏ మట్టిలో?

2022 జూలై 1 నుండి మన దేశమున ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషేధింపబడినవి. వాటికి బదులుగా విశాఖపట్నపు వర్తకులు కొందరు “కంపోస్టు అగును” అను ముద్రగల సంచులను, గ్లాసులను ఎన్నుకొనుచున్నారు. ఉద్దేశము మంచిదే, కాని ఆ ముద్ర సగము మాటయే చెప్పుచున్నది.

ఇట్టి వస్తువులలో తరచు వాడు పదార్థము పాలీలాక్టిక్ ఆమ్లము. మొక్కజొన్న మొదలగు వాని పిండిపదార్థమే దీనికి మూలము. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో దీని పొడవైన అణుశృంఖలములు సడలును. అప్పుడు నీరు లోనికి చొరబడి వానిని తెంచును. తెగిన ముక్కలను సూక్ష్మజీవులు తినివేయును. ప్రమాణ పరీక్షను కూడ 58 డిగ్రీల వద్దనే, 180 దినముల గడువుతో జరుపుదురు. అంతటి వేడి పెద్ద కంపోస్టు కేంద్రములలోనే నిలుచును.

విశాఖ గెడ్డలలో పడిన చెత్త సముద్రము చేరును. అచ్చటి నీటి వేడి 30 డిగ్రీల దరిదాపులనే ఉండును. 1.25 సాంద్రత గల ఈ పదార్థము మునిగి, ఏండ్ల తరబడి అడుగున పడియుండును. మొక్క నుండి పుట్టినంత మాత్రమున మట్టిలో కలియునని చెప్పరాదు.

మన్యపు అడ్డాకు విస్తరి, గోనెసంచి అట్లు కావు. వీనిలోని సెల్యులోజును మామూలు మట్టిలోని సూక్ష్మజీవులే జీర్ణించుకొనును. విస్తరికి ప్లాస్టిక్ పొర అంటించినచో ఆ మేలు పోవును. నూనె మిఠాయికి మాత్రము మరల వాడదగిన డబ్బాయే తగినది.

కావున వర్తకుడు ముద్రను చూచి తృప్తిపడక, ఎచ్చట, ఎంత వేడిలో, ఎన్నాళ్లకు కలియునని అడుగవలెను. ఉపాధ్యాయులు బడి ఆవరణలోని ఎరువుగుంటలో అడ్డాకు ముక్కను, సంచి ముక్కను పాతించి, ఉష్ణమాపకముతో విద్యార్థులచే నెలనెలా పరీక్షింపజేయవచ్చును.