క్రిస్మస్ చెట్టు – మన బొమ్మల కొలువు

దసరాకు బొమ్మల కొలువు చూడ నింటింటికి పోవుట మన కుటుంబములలో పరిపాటి. క్రిస్మస్ దినములలో చెట్ల యలంకారము చూడబోవుటయు నట్టిదే యని తలచి, గడచిన డిసెంబరులో మేము చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి యూళ్ళలో తిరిగితిమి. చూచినదానిని మెచ్చి యూరకుండుట మర్యాద. గుణదోషముల నెంచుట విమర్శ. మేము రెండవదానికే పూనుకొనుచున్నాము. అయినను ఈ విమర్శ పొరుగువారి యింట మొదలై మన యింటికే తిరిగివచ్చునని ముందే మనవి చేయుచున్నాము.

చిక్కబళ్ళాపురమున ఒక యంగడి ముంగిట నిలిపిన చెట్టు రెండు నిలువుల యెత్తుండెను. కొమ్మలు ప్లాస్టిక్‌వి, కొమ్మలపై దూది, దూదిపై రంగుల విద్యుద్దీపములు. ఆ దూది మంచునకు గుర్తట. నంది కొండపై పొగమంచు నెఱిగిన యీ యూరు, ఎన్నడు చూడని హిమపాతమును దూదితో చూపుకొననేల? చేమంతులు, గులాబులు బుట్టలకొలది సంతకు వచ్చు నూరిలో ఆ చెట్టుపై ఒక్క నిజమైన పువ్వు లేకుండుట మాకు లోపముగ తోచెను. వెలుగు కలదు, ఊరి జాడ లేదు.

పరదేశాచారము గనుక అట్లే యుండవలెనని కొందఱందురు. ఆచారము ప్రబలిన చోటనే అట్లు లేదు. స్ట్రాస్‌బర్గు నగరమున చెట్లకు ఆపిల్ పండ్లు, పలుచని యప్పములు, కాగితపు గులాబులు కట్టుచుండిరని 1605 నాటి వర్ణన కలదు. అనగా చేతికందినదానినే కట్టిరి. 1848లో విక్టోరియా రాణి కుటుంబము అలంకృతమైన చెట్టు చుట్టును నిలిచిన చిత్రము ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో వెలువడిన పిమ్మట, ఈ జర్మను వాడుక ఇంగ్లండున మిక్కిలి వ్యాపించెను. ఒకరి చెట్టు వేఱొకరి యింట కాలూనుట క్రొత్త గాదు.

చింతామణిలో ఒక క్రైస్తవ గృహమున చూచిన చెట్టు నిలువెత్తు కూడ లేదు. మట్టికుండలో నిలిపిన సరుగుడు కొమ్మ యది; కన్నడిగులు సర్వె యనుదురు. సరుగుడును ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరముల వృక్షమే. వంటచెఱకై వచ్చి మన చేలగట్ల దాపున మనదైపోయినది. ఆ కొమ్మకు పట్టుగూళ్ళు దారములతో కట్టియుండిరి. పురుగు తొలిచి వెడలిన గూటినుండి తెగని పోగు రాదు. నూలు తీతకు పనికిరాని యా గూళ్ళే యచ్చట దీపపు వెలుగున ముత్యములవలె నుండెను. “కొన్నవి గాదయ్యా, మా పిల్లోళ్ళు కట్టినవి” అని గృహిణి చెప్పెను. కొమ్మ వంగునంతగా కట్టుట ఒక్కటే దోషము. పిల్లల యుత్సాహమునకు దానిని క్షమింపవచ్చును.

బాగేపల్లిలో ఒక చర్చి యావరణమున చెట్టు క్రింద రాగిగడ్డితో పశువుల పాక కట్టిరి. గొఱ్ఱెల కాపరుల బొమ్మల భుజములపై నల్లకంబళి ముక్కలు కప్పిరి. బెత్లెహేము కాపరులను మన యూరి కాపరులుగ చూపిన యా కంబళి ముక్క, వేయి దీపములకంటె మేలైన యలంకారము.

ఇక మన యింటి మాట. మన కొలువున మెట్లు బేసి సంఖ్యలో నుండుట తప్పదు. పట్టపు రాజు, రాణి బొమ్మలు పై మెట్టున నుండును. కొండపల్లి పొణికి బొమ్మయు, చన్నపట్టణపు లక్కబొమ్మయు ప్రక్కప్రక్కన కూర్చుండును. మన బ్రదుకునకు అంతకంటె తగిన చిత్రము లేదు. కాని నేడు పెక్కిండ్ల ఆ మెట్లను అట్టపెట్టెలలో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు ఆక్రమించినవి. పిల్లలు బొమ్మ వెల చెప్పగలరు. దాని కథ చెప్పలేరు. అంగడివానిని తప్పుపట్టిన నోటితో దీనిని మెచ్చలేము.

మన తెలుగునకును ఈ గతియే పట్టవచ్చును. చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారేయణ తాతయ్య తెలుగు, కన్నడములు రెంటను రచించెను. ఒకటి వేఱొకదానికి అడ్డు కాలేదు. బడిలో కన్నడము చదువు బిడ్డకు ఇంట తెలుగు నిలువవలెనన్న, ఉపదేశము చాలదు. చేతికి పని యిచ్చి, ఆ పనిలోని ప్రతి వస్తువును తెలుగు పేరుతో పిలువవలెను. వచ్చు దసరాకు ప్రతి యింట ఒక్క మెట్టైనను పిల్లల చేతిపనికి విడువవలెనని కోరుచున్నాము. చింతామణి గృహిణి నడిగి గుప్పెడు పట్టుగూళ్ళు తెచ్చుకొంటిమి. మా యింట అవి ఆ మెట్టు కొఱకే దాచియున్నవి.